నాలుగడుగుల రెండంగుళాలు

మా ఊళ్లో సదును చేను అని ఒకటి ఉండేది. హుకుంపేట నుంచి జి.మాడుగుల వైపు వెళ్లే దారిలో, రోడ్డు విడిచి కాలిబాట పడితే వచ్చే ఊరు మాది. అక్కడ ఏ పనికి వెళ్లినా ఎక్కి వెళ్లాలి, లేదా దిగి వెళ్లాలి. ఆ వాలు మధ్యలో, ఆశ్రమ పాఠశాల వెనక, నూనెగింజ వలిసెలు పండే ఒక్క చేనును మాత్రం మా పూర్వులు సదును అన్నారు. అందులో దింపిన కుండ దొర్లిపోదు, మేసే దూడ కాలు జారదు. మా లెక్కలో సదునంటే అంతే. నేను బేస్‌బాల్ నేర్చుకున్నది ఆ చేనులో. అది సదును కాదని తెలుసుకున్నది పదహారో ఏట.

తొంభైల మధ్యలో మా పాఠశాలకు ఒక చెక్కపెట్టె వచ్చింది. అందులో రబ్బరు బేసులు నాలుగు, బ్యాట్లు రెండు, బంతులు ఆరు, గ్లవ్‌లు ఏడు ఉన్నాయి. విజయనగరం వైపు నుంచి కొత్తగా వచ్చిన పీఈటీ సారు పెట్టె చుట్టూ మమ్మల్ని కూర్చోబెట్టి, ఒక్కో వస్తువునూ చేతులు మార్చి చూపించారు.

"సారూ, ఇది క్రికెట్టేనా?" అని అడిగింది మాలో ఒక పిల్ల.

"క్రికెట్టయితే ఊరంతా వొచ్చి నాకే నేర్పుతారు. ఇది ఎవులికీ తెల్దు. అందుకే మనం గెలుత్తాం," అన్నారాయన.

ఆట నియమం చిన్నదే. తొంభై అడుగుల భుజాలున్న చతురస్రం, నాలుగు మూలల్లో నాలుగు బేసులు. బ్యాటు పట్టిన అమ్మాయి బంతిని కొట్టి మొదటి బేసుకు పరుగెత్తుతుంది. ఆమె కాలు బేసును తాకే లోపు బంతి అక్కడ నిలబడ్డ మనిషి చేతిలో పడితే ఆమె అవుట్. రెండో బేసుకూ మూడో బేసుకూ నడుమ నిలబడి, నేలబారుగా దూసుకొచ్చే బంతులను అందుకుని, దూరాన ఎదురుగా ఉన్న మొదటి బేసుకు విసరవలసిన మనిషి షార్ట్‌స్టాప్. ఆ విసురు దూరం సుమారు నూట ఇరవై అడుగులు. వంగడం, అందుకోవడం, లేవడం, విసరడం అన్నీ కలిపి నాలుగున్నర సెకన్లలో పూర్తికావాలి.

జట్టుకు తొమ్మిది మంది, గ్లవ్‌లు ఏడు. గ్లవ్ లేని ఇద్దరిలో నేనొకదాన్ని. మొదటి ఏడాది అంతా ఒట్టి చేతులతోనే పట్టాను. అందువల్ల చేతులు కందాయి, కానీ ఒక సంగతి తెలిసింది. బంతిని ఆపకూడదు. అది వస్తున్న వేగంతోనే చేతిని కొంచెం వెనక్కి తీసుకుంటూ అందుకోవాలి. అటక మీద నుంచి చోళ్ల, అంటే రాగుల, బస్తా దింపేటప్పుడు కింద నిలబడ్డ మా అమ్మ చేసేది సరిగ్గా అదే. రెండో ఏడాది గ్లవ్ దొరికినా ఆ అలవాటు పోలేదు. సారు నన్ను షార్ట్‌స్టాప్‌లో నిలబెట్టి మళ్లీ కదపలేదు.

పదో తరగతి ఏడాది చలికాలంలో, వలిసెలు కోసిన తర్వాత, ఏజెన్సీ పాఠశాలల పోటీ మా సదును చేనులోనే జరిగింది. మేమే గెలిచాం. వచ్చిన జట్ల విసుర్లు ఒకచోటికి పోవలసినవి మరొకచోటికి పోయేవి. వాళ్లకు ఆట సరిగ్గా రాదనుకున్నాం. చూడటానికి వచ్చిన ఎంపిక సభ్యుడు రాష్ట్ర బాలికల జట్టు శిక్షణ శిబిరానికి నా పేరు రాసుకున్నారు.

"ఆ జట్టులో ఆడితే సర్టిఫికెట్టిత్తారు. దాంతో పాలిటెక్నిక్‌లో ఆటల కోటా సీటొస్తాది. లేపోతే నీ మార్కులకి రాదు. నాను ఉన్నదున్నట్టు సెప్తన్నాను," అన్నారు పీఈటీ సారు. మా ఊళ్లో పదో తరగతి దాటిన ఆడపిల్ల అప్పటికి లేదు. కాఫీ తోటలో కలుపు తీయడానికి మనుషులు ఎప్పుడూ చాలేవారు కారు. నాకు గీతలు గీయడం, కొలతలు వేయడం ఇష్టం. ఇంజినీరింగు డిప్లొమా చదవాలని ఉంది. ఆ చదువుకు ఉన్న ఒకే దారి షార్ట్‌స్టాప్ చోటు గుండా పోతోందని ఆ రోజు నాకు స్పష్టంగా అర్థమైంది.

చైత్రం ముందు శిబిరం మొదలైంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పట్టణపు మైదానం. అంత వెడల్పైన నేలను నేనంతకు ముందు చూడలేదు. మొదటి రోజు నా వైపు వచ్చిన మొదటి బంతిని అందుకుని, లేచి, ఎప్పటిలాగే విసిరాను. మొదటి బేసు దగ్గర నిలబడ్డ పొడుగాటి అమ్మాయి ఎగిరింది. బంతి ఆమె గ్లవ్‌కు పైనుంచి పోయి గోడకు తగిలింది.

రెండోది కూడా అంతే. మూడోసారి ఆ అమ్మాయి ఎగరనే లేదు. "ఓలమ్మా, ఈ పిల్ల ఇసిరితే నాకు నిచ్చెన కావాలి!" అంది. అందరూ నవ్వారు.

అంతకంటే వింతైన తప్పు మరొకటి బయటపడింది. నా ఎడమ పక్కకు వచ్చే బంతులు నాకు అందడం లేదు. బ్యాటు చప్పుడు వినగానే నా కాలు తనంతట తానే కుడివైపు అరడుగు పడుతోంది. బంతి మాత్రం తిన్నగా వచ్చి ఎడమ చేతి పక్కనుంచి పోతోంది.

శిబిరం కోచ్ నడివయసు మనిషి, కేకలు వేసే రకం కాదు. వారం రోజులు చూశాక నన్ను పక్కకు పిలిచారు. మా వైపు ఆడపిల్లను గుంట అనే పిలుస్తారు. "గుంటా, నువ్వు కొండ దిగొచ్చినావు గానీ నీ బంతి ఇంకా దిగనేదు. సేతులు బంగారం, కాదన్ను. మరి ఇసురు? మధ్యలో పది రోజులు సెలవిత్తన్నాం. ఎల్లిరా. వొచ్చినాక ఒక మ్యాచ్ ఆడిత్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే షార్ట్ వేరే పిల్లకి. నన్ను తిట్టుకోకు."

బస్సులో ఘాటు రోడ్డు ఎక్కుతున్నంతసేపూ, శిబిరంలో నా తప్పులు రాసుకున్న నోటుపుస్తకమే మళ్లీ మళ్లీ చూశాను. తప్పిన విసుర్లన్నీ ఎత్తులోనే తప్పాయి. ఒక్కటీ పక్కకు పోలేదు. అందని బంతులన్నీ ఎడమవైపువే. చెయ్యి అదుపు తప్పితే అన్ని వైపులా తప్పాలి. ఒకే వైపు తప్పుతున్నదంటే ఆ తప్పుకు ఒక కారణం, ఒక కొలత ఉండితీరాలి. ఆ కొలత ఏమిటో తెలియలేదు.

ఇంటి ముందు అయ్య బుట్ట అల్లుతున్నాడు. మా నాన్నను అయ్య అనే పిలిచేదాన్ని. విషయమంతా చెప్పాను. వెదురు బద్ద పక్కన పెట్టాడు.

"అక్కడ నేలెలాగున్నాది?" అని అడిగాడు.

"సదునే అయ్యా. మన చేనులాగే."

"మన చేను సదునని నీకెవులు సెప్పినారు?"

"అందరూ అంటారు కదా."

"అందరూ అంటారు. మూడు కర్రలు అన్నాయేటి?"

అంతకు కొన్నేళ్ల కిందట, కొండవాలు మీద మట్టి కొట్టుకుపోకుండా రాతి కట్టలు వేసే పనులు మా ఊరికి వచ్చాయి. ఆ కట్టలు ఎక్కడెక్కడ పోవాలో గీత వేసే పని అయ్య చేశాడు. దానికి వాడే పనిముట్టును మా ఊళ్లో మూడు కర్రలు అనేవారు. సమానమైన పొడవున్న రెండు కర్రలను పైన కలిపి కట్టి, పాదాల మధ్య ఆరడుగుల ఎడం ఉంచి, నడుమకు మూడో కర్ర అడ్డంగా కడతారు. పై కొస నుంచి దారంతో ఒక రాయి వేలాడుతుంది. దారం అడ్డకర్ర మీది గాటు దగ్గర నిలిస్తే రెండు పాదాలూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అంత సులువైన, అంత నిజాయితీ గల పరికరాన్ని ఆ తర్వాత డిప్లొమా చదువులో కూడా నేను చూడలేదు.

అది అటక మీద నుంచి దించి ఇద్దరం చేనుకు వెళ్లాం. నేను రోజూ నిలబడే చోట ఒక పాదం, మొదటి బేసు వైపు రెండో పాదం. దారం గాటుకు రాలేదు. నా వైపున్న పాదం కింద అయ్య పలకరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. దారం గాటుకు వచ్చింది. రాళ్ల ఎత్తును స్కూలు స్కేలుతో కొలిచి రాసుకున్నాను. తర్వాత ఆరడుగులు ముందుకు జరిగాం. ఒకచోట రెండంగుళాలు, ఒకచోట మూడు. అలా ఇరవైసార్లు చేసి కూడితే మొత్తం యాభై అంగుళాలు వచ్చింది. అంటే నాలుగడుగుల రెండంగుళాలు.

రెండుసార్లు కూడి చూశాను. అనుమానం లేదు. నా చోటుకంటే మొదటి బేసు నాలుగడుగుల రెండంగుళాలు ఎత్తున ఉంది. మూడేళ్లుగా నేను మెరక మీదికి విసురుతున్నాను. ఆ చెయ్యితోనే చదునైన మైదానంలో ఛాతీకి గురిపెడితే బంతి ఛాతీకి నాలుగడుగుల పైన పోతుంది. పొడుగాటి అమ్మాయి ఎగిరినా అందదు. ఆ వాలు మీద దొర్లే బంతి పల్లం వైపుకు, అంటే నా కుడి పక్కకు జారుతుంది కాబట్టి, నా కాలు ముందుగానే కుడివైపు పడడం నేర్చుకుంది. మా చేనుకు వచ్చి ఓడిపోయిన జట్లకు ఆట రాకపోవడం కాదు. వాలు మాకు అలవాటు, వాళ్లకు కాదు. అంతే తేడా.

"ఇప్పుడేటి సేత్తాం? చేనును చెక్కి సదును సెయ్యలేం కదా," అన్నాను.

"చేనును తిప్పలేం. ఆటను తిప్పొచ్చు," అన్నాడు అయ్య.

ఆ మాట నాకే తట్టవలసింది. కొండవాలు మీద కూడా ఒకే మట్టంలో సాగే గీత ఉంటుంది. అది కొండ నడుం చుట్టూ వంకరగా పోతుంది. రాతి కట్టలు వేసేది ఆ గీత మీదనే. నా చోటునూ మొదటి బేసునూ ఆ గీత మీద పెడితే రెండు చోట్లకూ ఎత్తులో తేడా ఉండదు. బంతి పై నుంచి తిన్నగా నా మీదికి దొర్లుతుంది, పక్కకు జారదు. మూడు కర్రలను ఒక పాదం మీద తిప్పుకుంటూ, గాటుకు దారం వచ్చిన ప్రతిచోటా ఒక రాయి పెట్టుకుంటూ పోయాం. కొత్త మొదటి బేసు చోట చివరి రాయి పెట్టేసరికి సాయంత్రమైంది.

మర్నాడు ఇటుకల పండగ మొదలు. చైత్రంలో వచ్చే ఆ పండగ రోజుల్లో మగవాళ్లు వేటకు పోవాలి. అప్పటికే అడవిలో వేట పేరుకే మిగిలింది, కానీ పోవడం మాత్రం తప్పదు. ఏమీ కొట్టుకురాకుండా తిరిగొచ్చిన మగవాడిని ఊరి ఆడవాళ్లు పేడనీళ్లతో ఎదుర్కొంటారు. అసలు పోనివాడి గతి అంతకంటే హీనం. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. పండగ అయ్యేదాకా నేలను తవ్వకూడదు. పలుగూ పారా నేలకు తగలకూడదు.

రెండూ నాకు అడ్డమే. గురి కోసం మొదటి బేసు చోట గడ్డి కూరిన గోనెసంచిని ఛాతీ ఎత్తున రెండు గుంజలకు కట్టాలని అనుకున్నాను. గుంజలు పాతాలంటే గుంతలు తవ్వాలి. ఊరి పూజారి తాత దగ్గరకు వెళ్లి అడిగాను.

"ఆడుకో. ఆటకి అడ్డునేదు. గుంజ పాతితే మాత్తరం ఒప్పుకోను," అన్నాడు తాత.

"గుంజ లేకపోతే సంచి నిలబడదు తాతా."

"మీ యమ్మకి సేతుల్లేవేటి?"

కాబట్టి అమ్మా పిన్నీ చెరో కొస పట్టుకుని సంచిని మధ్యలో సాగదీసి నిలబడ్డారు. ఇక పై నుంచి నా వైపు బంతులు పంపడానికి ఒక మనిషి కావాలి, అది అయ్యే. తెల్లవారి వేట గుంపు ఇంటి ముందుకు వచ్చింది. "బావా, బేగి రా!" అని పిలిచాడు మా మేనమామ.

"నాను రాను. గుంటకి పనున్నాది," అన్నాడు అయ్య.

"ఆడోళ్లు పేడ కలుపుతారు, సూసుకో!"

"కలపనీ."

గుంపు నవ్వుకుంటూ వెళ్లిపోయింది. అయ్య అలా ఒక మాట అని ఊరుకోవడం చూస్తే తేలికగానే అనిపిస్తుంది. మా ఊళ్లో అది తేలిక కాదు. పెళ్లయిన ఏడాది కూడా ఆయన వేట మానలేదు.

మొదటి రోజు విసుర్లు అన్నీ మళ్లీ పైకే పోయాయి. కారణం తెలిసినంత మాత్రాన చెయ్యి మారదు. మూడేళ్ల అలవాటు చేతిలో ఉంది, తెలిసిన కారణం తలలో ఉంది. మర్నాడు కావాలని కిందికి గురిపెట్టాను. బంతి సంచికి ముందే నేలకు తగిలి ఎగిరింది.

"ఒలే, సంచిని కొట్టమన్నాం గానీ మా మోకాళ్లని కాదే!" అంది పిన్ని.

"నిన్న నెత్తి, ఇయ్యాల మోకాలు. మజ్జిలో ఎక్కడో సంచి ఉన్నాదే పిల్లా, సూడు," అంది అమ్మ. ఆమె భుజాలు నొప్పి పుట్టి ఉంటాయి. సంచి మాత్రం కిందికి దించలేదు.

ఇక నేను గురి మానేశాను. బంతి చేతి నుంచి వదిలే చోటును మాత్రమే మార్చడం మొదలుపెట్టాను. అంతవరకు చెవి పక్క నుంచి వదిలేదాన్ని. వేళ్లు ఇంకొక జానెడు ముందుకు వచ్చాక వదిలితే బంతి చదునుగా పోతోంది. యాభై బంతులకు ఒకసారి ఆగి రాసుకునేదాన్ని. మూడో రోజుకు సగం సంచికి తగిలాయి. ఐదో రోజుకు అమ్మ ఎగతాళి మానేసింది, సంచి వెనక తల దాచుకోవడం కూడా మానేసింది. అది నా పుస్తకంలో రాసిన అంకెల కంటే నమ్మదగిన గుర్తు.

ఆరో రోజు మధ్యాహ్నం వేట గుంపు ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. ఆడవాళ్లు కుండలతో ఊరి మొగలోనే నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి నెత్తినా నీళ్లు పడుతుంటే నవ్వులూ కేకలూ. అందరూ తడిశాక, అయ్య ఎవరూ పిలవకుండానే ఇంట్లో నుంచి నడిచి వచ్చి వరసలో చివర నిలబడ్డాడు.

"అక్కా, ఎల్లి ఒట్టి సేతుల్తో వొచ్చినోడికి ఒక కుండ. ఎల్లనే ఎల్లనోడికెన్ని?" అని అడిగింది పిన్ని.

"ఎల్లనోడికి నీళ్లు కాదే, ముద్దే," అంది అమ్మ. నా వైపు తిరిగి, "నువ్వియ్యి. ఇన్నాళ్లూ మా రెక్కలిరిసినావు కదా, నేర్సినావో నేదో సూద్దాం," అంది.

పిన్ని నా చేతిలో పేడముద్ద పెట్టింది. తండ్రి మీద ఎలా విసరడమని ఒక క్షణం ఆగాను. అయ్య చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని ఛాతీ విరిచి నిలబడ్డాడు. దూరం ముప్పై అడుగులు. వేళ్లు జానెడు ముందుకు వచ్చేదాకా ఆగి వదిలాను.

చొక్కా మీద రెండో బొత్తాం దగ్గర తగిలింది. ఊరంతా ఘొల్లుమంది. అయ్య తలవంచి మరకను చూసుకుని, వేలితో దాని మధ్యను తాకాడు.

"రొమ్ముకే తగిలింది. పైకి పోనేదు," అన్నాడు. "ఇంక ఎల్లొచ్చు."

శిబిరంలో కోచ్ సారు మాట ప్రకారం మ్యాచ్ పెట్టారు. నా చోటుకు పోటీగా మరో అమ్మాయిని అవతలి జట్టులో అదే స్థానంలో నిలబెట్టారు. మొదటి బంతి నా ఎడమవైపు వచ్చింది. నా కుడి కాలు కదలలేదు. రెండడుగులు ఎడమకు వేసి అందుకున్నాను. విసురు మాత్రం తొందరలో కిందికి పోయింది. పొడుగాటి అమ్మాయి నేలమీద నుంచి ఎత్తుకుని నన్ను కాపాడింది. "నిచ్చెన తెచ్చుకున్నాను, నువ్వేటి గొయ్యి తవ్వమంటన్నావు?" అని అరిచింది.

నేను నవ్వలేదు. తర్వాత అయిదు బంతులు వచ్చాయి. అయిదూ ఆమె ఛాతీకి పోయాయి. చివరిదానికి ఆమె గ్లవ్ కదపనవసరం కూడా లేకపోయింది. ఆట అయ్యాక కోచ్ సారు దగ్గరకు వచ్చి, "పది రోజుల్లో ఏటి సేసినావు గుంటా?" అని అడిగారు.

"కొలిచాను సార్," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదనుకుంటాను. అయినా జాబితాలో షార్ట్‌స్టాప్ పక్కన నా పేరే రాశారు.

సర్టిఫికెట్ వచ్చింది, పాలిటెక్నిక్ సీటు వచ్చింది. సివిల్ డిప్లొమా మూడేళ్లూ ఉదయం మైదానం, పగలు తరగతి. రెండు వేల సంవత్సరం దాటాక ఒక సంస్థ ఆటల కోటాలో నన్ను తీసుకుంది. పగలు వాళ్ల సర్వే విభాగంలో పని, మిగతా సమయమంతా వాళ్ల జట్టుకు ఆట. తొమ్మిదేళ్లు అదే చోటున ఆడాను. ఉంగరపు వేలు రెండుసార్లు విరిగి, ఇప్పటికీ కొంచెం వంకరగానే ఉంది. కొత్త మైదానానికి వెళ్లిన ప్రతిసారీ, ఆట మొదలయ్యే ముందు, నా చోటు నుంచి ఒక బంతిని నెమ్మదిగా దొర్లించి అది ఎటు జారుతుందో చూసేదాన్ని. "సర్వే మొదలెట్టేసినావా అక్కా?" అని జట్టులోని చిన్నవాళ్లు ఆటపట్టించేవారు. నేను బంతినే చూసేదాన్ని.

నియామకపు ఉత్తరం తీసుకుని ఊరికి వెళ్లిన రోజు అయ్య కాఫీ తోటలో మిరియాల తీగలను చెట్టుకు కడుతున్నాడు. ఉత్తరం చదివి వినిపించాను.

"ఆడితే జీతమిత్తారేటి?" అన్నాడు.

"ఆడితేనే ఇస్తారయ్యా."

తీగ ముడి బిగించి అడిగాడు. "అక్కడ నేల సదునేనా?"

పరీక్ష ఆటకు వెళ్లినప్పుడు ఆ మైదానాన్ని చూశాను. వాళ్ల సర్వే విభాగం గీసిన పటమూ చూశాను. "వాన నీళ్లు నిలవకుండా నూరడుగులకు ఆరంగుళాల వాలు పెట్టారు," అని చెప్పాను.

"అయితే సదును కాదు," అన్నాడు అయ్య. "సూసి ఇసురు."